అవతలి గట్టు

అమ్మ పోయిన వారానికి కూతురు అడిగింది. "అమ్మ ఫొటో మంచిదొకటి ఇవ్వు నాన్నా, పెద్దది చేయించి గోడకు పెడదాం."

ఆయన కంప్యూటర్ తెరిచాడు. ఇరవై ఏళ్ల ఫొటోలు, అన్నీ పక్షులే. నిలబడి తీస్తే పిట్ట నేలకు అతుక్కున్నట్టుంటుందని, చెరువు గట్టు బురదలో బోర్లా పడుకుని దాని కంటి ఎత్తులో తీసేవాడు.

"నేనిటు పడుకుంటే మీ అమ్మ అవతలి గట్టున నడిచేది. ఆ అలికిడికి పిట్ట నా వైపు జరిగేది. 'నేను గిట్టకే నీ దగ్గరికొస్తోంది' అని నవ్వేది."

"అయితే అన్నిట్లోనూ వెనకాల అమ్మ ఉండాలిగా."

పిట్ట వెనక ఆమె ఎర్ర స్వెటర్ కనబడితే, అడ్డమని ఆయన కంప్యూటర్‌లో చెరిపేసి, పక్కనున్న గడ్డిని తెచ్చి అక్కడ అతికించేవాడు. చెరపని అసలు ఫొటోలు ఒక్కటీ ఉంచుకోలేదు.

బహుమతి వచ్చిన కొంగ ఫొటోను కూతురు పెద్దది చేసి చూసింది. "ఎక్కడా లేదు నాన్నా."

ఆయన వేలు తెర మీద ఆగింది. కొంగ వెనక ఒకే గడ్డిదుబ్బు, అవే మూడు వంగిన పరకలతో, పక్కపక్కనే రెండుసార్లు ఉంది.

"ఈ రెండోది మీ అమ్మ."