ఇక్కడే ఉంటాను

మెట్ల మీద ఎదురుపడిన కింది వాటా ఆవిడను చూసి గువ్వ వాళ్లమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడ ఒంటి మీద ముద్దబంతి రంగు వానకోటు. అదే టోపీ, అవే పెద్ద పెద్ద గుండీలు. అచ్చు గుద్దినట్టు తనదే!

"పాప రాలేదా?" అని ఆవిడ వెనక్కి తొంగి చూసింది. లేదని రూఢి చేసుకుని నవ్వింది. "కోటు బాగుందా అమ్మాయ్?"

"బాగుందాంటీ," అని పళ్లబిగువున అనేసి పైకెక్కేసింది.

ఇంట్లోకొచ్చాక భర్త దగ్గర వెళ్లగక్కింది.

"దేశంకాని దేశంలో మన భాష మాట్లాడే మనిషి దొరికిందని సంబరపడ్డాను. చివరికి నా కోటుకే ఎసరు పెట్టింది!"

"ఆ కోటేమన్నా నువ్వు నేయించావా? కొట్లో దొరికింది, కొనుక్కుంది," అన్నాడాయన.

"మీకన్నీ నవ్వులాటే."

ఆ రోజు నుంచి వాళ్లింట్లో ఆవిడ పేరు కాపీ పిన్నిగారు.

ఆ రంగంటే గువ్వ వాళ్లమ్మకేమీ మోజు లేదు. బడి దగ్గర తల్లులందరూ నలుపూ బూడిదరంగూ తొడుక్కుని వస్తారు. వాళ్లలో అమ్మ చటుక్కున కనిపించాలని గువ్వ కోసం ఏరికోరి కొంది.

ఈ దేశం వచ్చిన కొత్తలో గువ్వ బడి గేటు దగ్గర కోటు అంచు పట్టుకుని వదిలేది కాదు. లోపల ఎవరేం మాట్లాడుతున్నారో ఆ ఆరేళ్ల పిల్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అటు చూస్తే బేకరీలో కొత్త ఉద్యోగం. మళ్లీ ఆలస్యమైతే రానక్కర్లేదని యజమాని మొహం మీదే చెప్పాడు.

అందుకని తల్లి ఒక అబద్ధం ఆడింది.

"నేనెక్కడికీ వెళ్లను తల్లీ. ఎదురుగా ఆ బెంచీ మీదే కూర్చుంటాను. నీ కిటికీలోంచి కనిపిస్తాను. సరేనా?"

పిల్ల లోపలికి వెళ్లగానే పరుగున వెళ్లి బస్సెక్కింది.

పిల్లతో ఆ మాట అంటున్నప్పుడే కూరగాయల సంచీతో అటు వచ్చి ఉంది కింది వాటా ఆవిడ. బస్సెక్కుతున్న ఈవిడను చూసింది. తలెత్తి బడి కిటికీ వంక చూసింది. ఆ చూపు తప్పుపట్టినట్టే అనిపించింది తల్లికి.

సాయంత్రం గువ్వ నిలదీసింది.

"బెంచీ మీద నువ్వు లేవుగా!"

"మంచినీళ్లు తాగడానికి వెళ్లి ఉంటానమ్మా."

మొదటి వారమంతా మంచినీళ్లే. మొదటి వారమంతా ఏడుపే.

తర్వాత ఏం మంత్రం వేశారో గాని ఏడుపు ఆగిపోయింది. గువ్వకు ఒక జడల పిల్ల స్నేహమైంది. పాటొకటి పట్టుబడింది. హాజరు పిలిస్తే గట్టిగా పలుకుతోందట.

"ఇప్పుడు భయం వెయ్యట్లేదా?" అని అడిగింది తల్లి.

"నువ్వు కనిపిస్తున్నావుగా! నేను చెయ్యి ఊపితే నువ్వూ ఊపావు."

"ఊపాను తల్లీ."

"మరి టోపీ తియ్యవెందుకు?"

"చలి కదమ్మా."

రాత్రి భర్తతో అంది. "ఉన్నానంటే ఉన్నట్టే కనిపిస్తున్నాను దానికి. ఏం ఊహో ఏమిటో!"

"మా అమ్మ పోలిక," అని మీసం దువ్వుకున్నాడాయన.

ఒకరోజు కుండపోత వాన. మర్నాడు అన్నం తింటూ గువ్వ ఆరిందాలా చెప్పింది.

"అంత వానలో కూడా లేవలేదు నువ్వు. జలుబు చేస్తుందమ్మా. రేపు గొడుగు తీసుకెళ్లు."

కింది వాటాలోంచి దగ్గు వినిపించింది. "కాపీ పిన్నిగారికి పడిశం పట్టినట్టుంది," అంటూ తల్లి తలుపు దగ్గరగా వేసింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆవిడే వచ్చి తలుపు తట్టింది. గువ్వ లోపల పళ్లు తోముకుంటోంది.

"అమ్మాయ్, మా అక్కకి ఒంట్లో బాగాలేదు. ఇల్లు ఖాళీ చేసి ఆ ఊరు వెళ్లిపోతున్నాను," అంది ఆవిడ గొంతు తగ్గించి. "వెళ్లేముందు పాప గురించి ఒక్క మాట..."

ఇక సలహాలు మొదలుపెడుతుంది కాబోలు అనుకుంది తల్లి.

"బస్సుకి టైమైపోయిందాంటీ. సాయంత్రం మాట్లాడుకుందాం."

"సాయంత్రానికి నేనుండను అమ్మాయ్."

"అయితే ఫోన్లో చెప్పండి."

ఆవిడ నంబరు తన దగ్గర లేదు. అడగాలనీ తోచలేదు. ఇకనుంచి ఈ మెట్ల మీద అలాంటి కోటు నాదొక్కటే అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కాకముందే బేకరీకి ఫోనొచ్చింది, బడి నుంచి.

పడుతూ లేస్తూ వెళ్లింది. గువ్వ కిటికీ ఊచలు పట్టుకుని, ఏడ్చి ఏడ్చి మొహం కందిపోయి నిలబడి ఉంది. జడల పిల్ల పక్కనే బిక్కమొహంతో చూస్తోంది.

"పొద్దుటినుంచీ అక్కడి నుంచి కదలదు," అంది టీచరు. "ఇవాళ మీరు రాలేదేం? ఒంట్లో బాగాలేదా?"

"ఎక్కడికి?"

"ఆ బెంచీ మీదకి. రోజూ కూర్చునేవారు కదా! ఆ కోటు కనిపిస్తే చాలు, ఈ పిల్ల బుద్ధిగా చదువుకునేది. వానొచ్చినా మీరు కదలకపోతే, ఏం తల్లి అనుకున్నాం మేమంతా."

"ఇక్కడే ఉంటానన్నావుగా!" అని గువ్వ వెక్కుతూ వచ్చి నడుము చుట్టేసింది.

తల్లి కిటికీలోంచి చూసింది. అంత దూరానికి మనిషి మొహం ఆనదు, రంగొక్కటే ఆనుతుంది. బెంచీ ఖాళీగా ఉంది.

ఎప్పటిలాగే ఏదో ఒకటి చెబుదామనుకుంది. మానేసి గువ్వను దగ్గరకు పొదువుకుంది.

పొద్దున్నే తను ఆడేసి బస్సెక్కే అబద్ధాన్ని, తన కోటులాంటి కోటే కొనుక్కుని ఆ బెంచీ మీద కూర్చుని, రోజూ నిజం చేస్తూ వచ్చింది కాపీ పిన్నిగారు.