మీటరు పలకలేదు

“నిజం చెప్పు. నా మీటర్లో బ్యాటరీ మార్చింది నువ్వే కదూ?”

పిడుగు గొంతుకు మెట్ల మీదున్న వాళ్ళంతా తిరిగి చూశారు. పక్కనే ఉన్న బుంగమూతి ఒక అడుగు వెనక్కి వేసింది.

చదువు మధ్యలో మానేసిన పిల్లలకు సోలార్ పలకలు బిగించే పని ఉచితంగా నేర్పే కేంద్రం అది. ఆరు నెలలుగా ఈ ఆడపిల్లలిద్దరూ జత. ఒకే నిచ్చెన, ఒకే తాడు, సంచులు తగిలించుకోవడానికి ఒకే కొక్కెం. కోతికే పాఠాలు చెప్పేలా నిచ్చెన ఎక్కుతుందని ఒకదానికి పిడుగు అని పేరు పెట్టింది మాస్టారే. నవ్వినా అలిగినట్టే ఉంటుంది కనుక రెండోది బుంగమూతి.

ఇవాళ చివరి పరీక్ష. నెగ్గినవాళ్ళకు రేపటి నుంచే ఉద్యోగం. మొదటి జీతంతో ఏం చెయ్యాలో పిడుగు ఎప్పుడో తేల్చేసుకుంది. అమ్మకు కళ్ళజోడు, బుంగమూతికి చెప్పులు, ఇంట్లో మూడు నెలలుగా ఆగిపోయి ఉన్న గోడ గడియారం సంగతి కూడా చూడాలి.

మేడ మీద ఒక్కటే నియమం. తీగ ముట్టుకునే ముందు ఎవరి మీటరుతో వాళ్ళు కరెంటు చూసుకోవాలి. అరువు మీటరు చెల్లదు. మీటరు పలకకపోతే పరీక్ష పోయినట్టే.

పిడుగు మీటరు పలకలేదు. మూత తీస్తే రెండు పెన్సిల్ బ్యాటరీల్లో ఒకటి పాతది, అంచున తుప్పు.

“మొన్న ఇద్దరం కలిసి కొన్నాం మాస్టారూ, అన్నీ కొత్తవే. నిన్న సాయంత్రం కూడా చక్కగా పనిచేసింది. నా సంచి పక్కన ఉండేది దీని సంచి ఒక్కటే.”

“నీ మీద ఒట్టే, నేను ముట్టుకోలేదు,” బుంగమూతి ఏడ్చేసింది.

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. “పిడుగు అబద్ధమాడదు. పైన ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో ఉంటుంది. తోటిదాన్ని ముంచేదాన్ని నేను పంపలేను.” రెండు పేర్లూ కొట్టేశారు.

బుంగమూతి సంచి భుజాన వేసుకుని గేటు దాకా వెళ్ళి, ఒక్కసారి వెనక్కి చూసింది. పిడుగు మొహం తిప్పేసుకుంది. ఒకే డబ్బాలో అన్నం తిన్న మనిషి ఇంత పని చేస్తుందా?

ఇంటి గుమ్మంలో అమ్మ చొక్కాలకు బొత్తాలు కుడుతూ కూర్చుంది.

“ఐదున్నరైంది, ఇంకా రాలేదేంటా అని చూస్తున్నా. ఏమైందే?”

పొద్దున అమ్మ శ్రద్ధగా సర్దిచ్చిన సంచిని పిడుగు మూలకి విసిరేసింది. ఒళ్ళోని చొక్కాలు పక్కకు నెట్టి, అక్కడ తల పెట్టుకుని వెక్కుతూ అంతా చెప్పింది.

“పోనీలే తల్లీ,” అంది అమ్మ. “ఆ పిల్లని మాత్రం ఏమీ అనకు. పాపం.”

“పాపమా? నా నోటి దగ్గరి కూడు లాగేసుకుంటే పాపమా?”

“మీ నాన్న రంగులేస్తూ పైనుంచి పడ్డ రోజు మొదలు, నిచ్చెన కనబడితే నా గుండె ఆగుతుందే. నేల మీద చేసుకునే పనులు లేవా? రేపటి నుంచి నా పక్కన కూర్చుని కుట్టు.”

“నేనిక ఎవర్నీ నమ్మనమ్మా. నిన్ను తప్ప.”

జుట్టు నిమురుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో ఏ అలికిడీ లేదు, ఒక్క చిన్న చప్పుడు తప్ప. పిడుగు వెక్కిళ్ళు ఆపుకుని విన్నది. మెల్లగా తలెత్తింది.

గోడ గడియారం నడుస్తోంది.