చల్లటి కారు

ఆఫీసు కింద చార్జింగ్ వైరు తీసి కారెక్కగానే చల్లగాలి ఒంటికి తగిలింది. ఆమె ముసిముసిగా నవ్వుకుంటూ భర్తకి ఫోన్ చేసింది.

"మూడు లక్షల కిలోమీటర్లు తిరిగేసిన డొక్కు బండి కొన్నావని నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు."

"ఇప్పుడా సంగతెందుకు?"

"వారం నుంచీ చూస్తున్నాగా. నేను దిగొచ్చేసరికి రోజూ ఫోన్లోంచి ఏసీ వేసి ఉంచుతున్నావు. పైకి అలిగినా ప్రేమ ఎక్కడికి పోతుందిలే."



"నేను వెయ్యలేదే. ఆ యాప్ నా ఫోన్‌లో ఇంకా పనిచెయ్యట్లేదు. ముందు బండి అమ్మినాయన అందులోంచి తన పేరు తీసెయ్యాలట. కొనేటప్పుడు బ్యాటరీ చూసుకునే హడావిడిలో ఆ మాటే మర్చిపోయాను. ఇప్పుడడిగితే రేపు మాపంటూ తిప్పుతున్నాడు."

అమ్మినాయన ముఖం గుర్తు తెచ్చుకోబోయిందామె. తాళం ఇచ్చేముందు అతను కారు లోపలి అద్దం పైనున్న చిన్న కెమెరాని కర్చీఫుతో శ్రద్ధగా తుడవడం ఒక్కటే గుర్తొచ్చింది.

"ఉన్నావా?" అన్నాడు భర్త.

"ఉన్నాను. ఎందుకో చలేస్తోంది," అంది గొంతు తగ్గించి.

ఏసీ ఆగిపోయింది.