చెయ్యి పెట్టి చెప్పు

“అమ్మ బైబిల్ ఇటివ్వు ఫేబీ. వచ్చే నెల నా ప్రమాణ స్వీకారం. దాని మీదే చెయ్యి పెడతానని అందరికీ చెప్పేశాను,” అన్నాడు ఆరన్.

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని ఒక కౌంటీ జనం ఓట్లేసి అతన్ని ప్రొబేట్ జడ్జిని చేశారు. ఇక మీదట పోయినవాళ్ళ సొత్తు ఎవరికి చెందాలో తేల్చేది అతనే. అది తలుచుకుంటేనే కెనడాలో, మిస్సిసాగాలోని తన ఇంట్లో అతని ఎదుట నిలబడ్డ చెల్లెలు ఫేబీకి ఒళ్ళు మండుతోంది.

“అది షెర్లీ వదినకివ్వమంది అమ్మ. నేనే ఇస్తానని నువ్వంటే ఇన్నాళ్ళూ నా దగ్గర ఉంచాను.”

“ఇంకా వదినేంటి? డైవోర్స్ అయిపోయిందిగా.”

“అయింది నీకు. నువ్వు ఓట్లడుక్కుంటూ తిరుగుతుంటే ఇక్కడ అమ్మకి ఒళ్ళు తుడిచింది ఆవిడే.”

“నోటిమాట కోర్టులో చెల్లదు. అమ్మ రాసిచ్చిందా? సాక్షులున్నారా?”

“ఉన్నారు. చివరి రోజు అమ్మ చెయ్యి పట్టుకుని ‘అలాగేనమ్మా’ అన్నది నువ్వే కదా అన్నయ్యా.”

ఫేబీ లోపలికెళ్ళి బైబిల్ తెచ్చి అతని ముందు పెట్టింది.

“దీని మీద చెయ్యి పెట్టి, అమ్మ అలా అనలేదని చెప్పు. చెప్పి పట్టుకుపో.”

అతని చెయ్యి లేచింది. అరిగిపోయిన నల్ల అట్ట దాకా వచ్చి ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా జేబులోకి వెళ్ళింది.

“షెర్లీ... ఆ ఒక్క రోజుకి ఇస్తుందంటావా?”

ఫేబీ బైబిల్ తీసుకుని కారు తాళాలు అందుకుంది.

“పద, వదిన ఉండే నార్త్ యార్క్‌కి నేనే డ్రైవ్ చేస్తా. ముందు ఆవిడ చేతికివ్వు. అడగడం తర్వాత.”