ముందు ఎవరి పెట్టె

పోయే ప్రాణాన్ని ఆపి ఉంచే ఊపిరి పెట్టెలు ఇంటింటికీ వచ్చాక, మనిషిని ఏ రోజు సాగనంపాలో ఇంట్లోవాళ్లే తేల్చుకోవాల్సి వస్తోంది. వినుకొండలో పరుపుల కొట్టు జిలానీ ఇంట్లో రెండు పెట్టెలు గుయ్యిమంటున్నాయి. ఒకటి తండ్రికి, ఒకటి ఒక్క కూతురున్న అన్నకి. ఇద్దరూ ఇక లేవరని డాక్టరు చెప్పేశాడు.

జిలానీ వెళ్లి ఇమాం సాబును వాటాల సంగతి అడిగాడు.

"తండ్రి కంటే ముందు కొడుకు పోతే, ఇంకో కొడుకు ఉండగా మనవరాలికి వాటా రాదయ్యా. మీ నాన్న ఆ పిల్లకేమైనా వీలునామా రాశాడా?"

"లేదు."

మర్నాడే జిలానీ అన్న పెట్టె ఆపేశాడు. తండ్రిది ఇంకో వారం ఆగి ఆపాడు. తండ్రి పేరున ఉన్న ఇల్లూ కొట్టూ అతనివే అయ్యాయి.

తండ్రి పోయిన నలభయ్యో రోజు ఫాతెహా భోజనాల్లో అన్న కూతురు నస్రీన్ అతనికి పలావు వడ్డిస్తూ నిలబడింది.

"తాతను వదులుకోలేకపోయినా, మా నాన్న యాతన మాత్రం చూళ్లేకపోయావు. నీది మెత్తటి మనసు చిన్నాన్నా."

జిలానీకి ఎదురుగా ఇమాం సాబు తల పక్కకు తిప్పుకున్నాడు.

"కొట్లో పరుపులు కుట్టే పనేదైనా ఉంటే చెప్పు," అంది నస్రీన్. "కూలికే వస్తాలే."