ట్రిమ్, థ్రాటిల్, మాస్టారు

“అది బ్రేకు కాదంకుల్, రివర్సు!”

అమ్మాయి అరిచేలోపే బొమ్మ కారు వెనక్కి దూసుకొచ్చి, మాస్టారి బూటును గుద్ది, వెల్లకిలా పడి గాల్లో చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోయింది.

మాస్టారిది ఇరవై రెండేళ్ళ డ్రైవింగ్ స్కూలు అనుభవం. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకును గుట్టుగా తొక్కుతూ, “భలే నడిపారండీ!” అని మెచ్చుకుని, ఎందరో భయస్తుల్ని లైసెన్సు దాకా లాక్కొచ్చిన ఘనుడు. అలాంటి మనిషి మూరెడు కారును వారం రోజులుగా తిన్నగా నడపలేకపోతున్నారు.

“ఎడమకి లాగేస్తోందమ్మా ఈ బొమ్మ కారు. టైర్లలో గాలి చూశావా?”

“బొమ్మ అనకండి, ఆర్‌సీ కారు, అంటే రిమోట్ కంట్రోల్‌ది. దీని టైర్లలో ఉండేది స్పాంజి. లాగితే ట్రిమ్ తిప్పాలి. రిమోట్ మీద ఆ బుడిపె ఉందే, అదే. తిప్పితే చక్రాలు తిన్నగా నిలుస్తాయి.”

మాస్టారు జేబులోంచి నోటుబుక్కు తీసి రాసుకున్నారు. అందులో అప్పటికే చాలా జ్ఞానం పోగయింది. ‘థ్రాటిల్: వేగం పెంచే మీట. సర్వో: ముందు చక్రాల్ని తిప్పే చిన్న మోటారు. మళ్ళీ అడగకూడదు. ఒకటి బై పది స్కేలు: అసలు కారులో పదో వంతు. నా తెలివి కూడా.’

“మరి బైండింగ్ అంటే?”

“కారుకీ రిమోట్‌కీ జత కలపడం. ఏ రిమోట్‌తో బైండ్ చేస్తే దాని మాటే వింటుంది. ఇంకో రిమోట్‌తో ఎంత నొక్కినా కదలదు.”

“పెళ్ళిలాగన్నమాట!”

అమ్మాయి నవ్వలేదు. మాస్టారు నాలుక కరుచుకున్నారు. వాళ్ళమ్మను ఆయన పెళ్ళి చేసుకుని ఏడాదే అయింది.

ఆదివారం ఆర్‌సీ కార్ల క్లబ్బులో జంట రేసు. పిల్లలు కారు సిద్ధం చెయ్యాలి, పెద్దవాళ్ళు నడపాలి. ఫారంలో ‘నడిపేవారు’ అన్న గడిలో అమ్మాయి ఆయన పేరు రాసింది. పక్కనే ‘సంబంధం’ అన్న గడిని ఖాళీగా వదిలేసింది. ఆ గడి మాస్టారికి వారం నుంచీ నిద్ర పట్టనివ్వలేదు. పరువుగా రేసు పూర్తిచేస్తే అది నిండుతుందేమోనని ఆయన ఆశ.

ఆదివారం ప్రాక్టీసులో ఆ పరువు కాస్తా మూడుసార్లు కంచెకు గుద్దుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మాయి ముఖం కందిపోయింది.

“ఇలా ఇవ్వండి, ట్రిమ్ సరిచేసి తెస్తా.”

కారునూ రిమోట్‌నూ షెడ్డు వెనక్కి పట్టుకుపోయి ఐదు నిమిషాల్లో తిరిగొచ్చింది. రిమోట్ చేతికి తేలిగ్గా తగిలింది. ట్రిమ్ మహిమ అనుకున్నారు మాస్టారు.

“లైటు వెలగట్లేదేంటమ్మా?”

“ఎండలో కనపడదంకుల్. మీరు కారునే చూడండి. నేను వెనకే ఉంటా.”

పాపం, భయం కాబోలు, అమ్మాయి తన బ్యాగును పొట్టకు హత్తుకుని, రెండు చేతులూ అందులో దూర్చి నిలబడింది.

ఈల మోగింది. కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది. మొదటి మలుపు సులువుగా దాటింది. రెండో మలుపులో కంగారుపడి మాస్టారు రిమోట్ చక్రం తిప్పడమే మరిచిపోయారు. అయినా కారు తిరిగింది! బుర్రకంటే ముందు వేళ్ళు నేర్చేసుకున్నాయని ఆయన పొంగిపోయారు. మూడో చుట్టులో కారు ఒక కోనుకు రాసుకుంది.

“తప్పు నాదే తల్లీ!”

“ఫర్వాలేదు,” అంది అమ్మాయి మెల్లగా.

ఆరుగురిలో నాలుగో స్థానం. క్లబ్బు సెక్రెటరీ ఫారం పట్టుకుని వచ్చాడు.

“కొత్తవాళ్ళయినా బాగా నడిపారే! ఏమవుతారమ్మా నీకు? ఇక్కడ రాయనేలేదు.”

అమ్మాయి పెన్ను అందుకుని ఖాళీ గడిలో ‘నాన్న’ అని రాసింది. మాస్టారు ఆ గడిని రెండుసార్లు చదువుకున్నారు. కళ్ళు తుడుచుకుందామంటే చేతుల్లో రిమోట్ అడ్డం.

ఇంటికి చేరేదాకా ఆయన ఆ రిమోట్‌ను ఒళ్ళోంచి దించలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చెప్పులు విప్పకముందే భార్యకు పాఠం మొదలుపెట్టారు.

“డ్రైవింగ్ అనేది రక్తంలో ఉండాలోయ్! థ్రాటిల్ గట్టిగా నొక్కకూడదు, బతిమాలాలి.”

“అబ్బో! వారం క్రితం బ్రేకేదో తెలీదన్నారుగా?”

“అది పోయిన వారం. ఇది చూడు, దాచేముందు పెన్సిల్ సెల్స్ తీసెయ్యాలి, లేకపోతే కారిపోయి రిమోట్ పాడవుతుంది. ఎంతమందికి తెలుసు చెప్పు?”

గదిలోంచి అమ్మాయి “నాన్నా, అది నేను తీస్తాలే!” అని పరుగెత్తుకొచ్చేసరికి ఆయన మూత తెరిచేశారు.

లోపల ఒక్క సెల్ కూడా లేదు.