ఒక్క మనిషి ఖర్చు

ములాకాత్ పుస్తకంలో ఆమె సంతకం పెట్టింది. ఆ పేజీలో పైనుంచి కింది దాకా ఉన్నవన్నీ ఆమె సంతకాలే.

ఇనుప వలకి అవతల భర్త నిలబడ్డాడు. నెత్తి మీద కెమెరా ఎర్రగా చూస్తోంది. ఇంటివాళ్లెవరూ ఆ వల దాటి అటు వెళ్లకూడదు.

ఆమె కళ్లు ముందు అతని చొక్కా మీదికి వెళ్లాయి. ప్రభుత్వం ఇచ్చిన చొక్కా. పోయినవారం ఊడిన గుండీ చోట ఇంకా ఖాళీయే.

"సూదీ దారం పంపానుగా?"

"కుట్టుకుని ఎవరికి చూపించను?"

చిన్న కిటికీలోంచి క్యారియర్ జరిపింది. దాని వెంట మడతపెట్టిన కాగితం.

"బళ్లో నాన్న బొమ్మ గీయమన్నారట."

అతను విప్పి చూశాడు. నిలువు గీతలు, అడ్డ గీతలు. కాగితం నిండా గళ్లే.

"ఇందులో నేనెక్కడ?"

"వెనకాల ఉన్నారట."

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

పాపకి మూడేళ్లప్పుడు అతను ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడు దానికి ఏడు. అతనితోపాటు వచ్చిన ముగ్గురూ ఏడాది తిరక్కుండానే బయటపడ్డారు. వాళ్లకి పైన మనుషులున్నారు. ఇతనికి పైన ఉన్నది ఫ్యానే. అదీ చప్పుడెక్కువ, గాలి తక్కువ.

తెల్లవారి ఆరింటికి లెక్క. సాయంత్రం ఆరింటికి లెక్క. రిజిస్టర్లో అంకె నాలుగేళ్లుగా మారలేదు. గంటగంటకీ పెద్దాఫీసు నుంచి పిలుపు వస్తుంది, పలకాలి. ఒకే ఒక్కసారి, పాప జ్వరంతో కలవరిస్తోందని తెలిసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చాడు. రెండు గంటల్లో దొరికిపోయాడు. దాంతో ఇంకో రెండేళ్లు పడ్డాయి.

"ఈసారి వదుల్తారు లెండి" అంది ఆమె. "విలేకరి మనింటికి వచ్చాడు. బుధవారం టీవీలో చర్చ పెడతారట."

"ఏం చెప్పావేమిటి?"

"ఉన్నదే చెప్పాను. మూడొందల మందికి కట్టిన జైలు, లోపల ఒక్క మనిషి. ఆ ఒక్కణ్ణీ ఇంటికి పంపండి. అక్కడ దీపాలన్నీ ఆరిపోతాయి, ఇక్కడ ఒక్కటి వెలుగుతుంది అన్నాను."

"అమ్మో! నువ్వే నిలబడు ఎన్నికల్లో."

ఆమెకి నవ్వొచ్చింది. ఇంకేదో చెప్పబోయింది.

"టైమైంది" అన్నాడు. ఎప్పుడూ ఆ మాట ముందు అనేది అతనే. రూల్సంటే అతనికి అంత భయం.

బుధవారం పక్కింటి పిన్నిగారు కుర్చీ తెచ్చుకుని మరీ వచ్చింది.

తెర మీద నాలుగు ముఖాలు. కింద ఎర్రక్షరాలు: 'ఒక్కడికి కోటలో కాపురం!'

పట్టపగలు వెలుగుతున్న దీపాలు చూపించారు. పొయ్యి ముట్టించని వంటగది చూపించారు. వరసల్లో పేర్చిన మూడొందల కంచాలు. ఓ మూల విడిగా ఒకే కంచం, కడిగి బోర్లించి ఉంది. ఆమె దాన్నే చూసింది. బాగానే తోముకుంటున్నారు అనుకుంది.

"ఒక్క మనిషికి నెలకి పద్దెనిమిది లక్షలా?" యాంకరు బల్ల గుద్దాడు.

"కట్టింది వాళ్లు" అన్నాడు అధికార పక్షం ఆయన.

"ప్రారంభించింది వీళ్లు! రిబ్బను కత్తిరించడానికి వెండి కత్తెర కొన్నారు" అన్నాడు ప్రతిపక్షం ఆయన.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు కత్తెర మీదే నడిచింది. ఎన్ని తులాలు, ఇప్పుడెవరింట్లో ఉంది.

చివర్లో ఆర్థిక నిపుణుడికి అవకాశం వచ్చింది. "అసలు ఆ ఒక్కడు చేసే పనేమిటండీ? కూర్చుని తినడం!"

పిన్నిగారు ఆమె వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుంది.

"ఈయన నిలబడి తింటాడు కాబోలు" అని గొణిగింది.

"అమ్మా, నాన్న గురించేనా?" అంది పాప.

"ఆఁ."

"మరి నాన్నని అడగరేం?"

యాంకరు విరామం ప్రకటించాడు.

మర్నాడే ప్రభుత్వం కదిలింది. ఆ వృథా ఖర్చు మీద విచారణకి ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. కమిటీకి ఒక ఆఫీసు, మూడు కార్లు, ఏడాది గడువు.

ఆదివారం ఆమె వచ్చేసరికి అతను వల దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతిలో, ఇంటికి పంపమని ఎప్పుడో పెట్టుకున్న పాత అర్జీ. తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో రాసింది చదివి వినిపించాడు.

"కమిటీ నివేదిక అందేవరకు అక్కడున్నది ఏదీ, ఎవరూ కదలరాదు."

ఆమె వల పట్టుకుంది. "నా వల్లేనా? నేను నోరు మూసుకుని ఉండాల్సిందా?"

"ఛ, నీ నోరు మంచిదే. వాళ్ల చెవులే..." ఆ మాట అక్కడే వదిలేశాడు.

"పోనీ, ఏడాదేగా?"

"ఏడాది గడువు. పొడిగింపులు వేరే."

ఆమె తల దించుకుంది. అప్పుడు కనిపించింది. చొక్కాకి గుండీ ఉంది. నల్ల దారంతో, వంకరగా.

"కుట్టుకున్నారే!"

"మరి? కమిటీ వస్తుందిగా. చూపించడానికి మనుషులు దొరికారు."

ఖాళీ క్యారియర్ కిటికీలోంచి ఇటు వచ్చింది. దాని అడుగున పాపకోసం అతను గీసిన బొమ్మ ఉంది. అందులో గళ్లు లేవు. ముగ్గురు మనుషులున్నారు.

"టైమైంది" అంది ఈసారి ఆమే.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, నడుముకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తి అందుకుని, ఇంతవరకూ ఒక్క ఖైదీ కూడా రాని ఆ జైలుకి ఏకైక వార్డరు, గేటుకి లోపలినుంచి తాళం వేసుకున్నాడు.